బోనాల వీధుల్లో డప్పు వెంట నడవడం ఎలా: తొలిసారి వచ్చేవారికి సమగ్ర మార్గదర్శి

ఆషాఢ మాసంలో హైదరాబాదుకు వచ్చి బోనాలు చూడాలనుకునేవారిలో చాలామంది చేసే పొరపాటు ఒకటే. వారు నేరుగా గుడి దగ్గరకు వెళ్లి, నాలుగు గంటలు వరుసలో నిలబడి, అమ్మవారిని క్షణకాలం దర్శించుకుని, ఒళ్లంతా అలసిపోయి తిరిగి వెళ్తారు. దర్శనం తప్పకుండా చేసుకోవలసిందే, కానీ బోనాల పండుగ జరిగేది గుడి లోపల కాదు, గుడికి దారితీసే గల్లీల్లో. అక్కడ పండుగను నడిపించేది డప్పు. బోనం ఎప్పుడు కదలాలి, ఎప్పుడు ఆగాలి, పోతరాజు ఎప్పుడు ఎగరాలి, ఎవరికి పూనకం రాబోతోంది అన్నవన్నీ డప్పు మోతలోనే తెలుస్తాయి. అందుకే ఈ మార్గదర్శిని దర్శన సమయాల చుట్టూ కాక డప్పు చుట్టూ రాస్తున్నాను.

ముందుగా ఏ ఆదివారం, ఏ పేట అన్నది తేల్చుకోండి

జంటనగరాల బోనాలు ఒక్కరోజు పండుగ కాదు. ఆషాఢం మొదటి వారంలో గోల్కొండ కోటలోని జగదాంబిక అమ్మవారికి తొలి బోనం సమర్పించడంతో మొదలై, మాసమంతా వారం వారం ఒక్కో ప్రాంతానికి మారుతూ సాగుతాయి. గోల్కొండ తరువాత సికింద్రాబాద్ ఉజ్జయిని మహంకాళి ఆలయంలో జరిగేవి లష్కర్ బోనాలు. ఆ తరువాతి ఆదివారం లాల్‌దర్వాజ సింహవాహిని మహంకాళి ఆలయంతో పాటు పాతబస్తీ మొత్తం బోనమెత్తుతుంది. తేదీలు చాంద్రమానాన్ని బట్టి ఏటా మారతాయి. 2024లో గోల్కొండ బోనాలు జులై 7న మొదలుకాగా 2025లో జూన్ 26నే మొదలయ్యాయి. కాబట్టి రైలు టికెట్ కొనే ముందే ఆ ఏటి పంచాంగం చూసుకోవాలి, ఆలయాలు ప్రకటించే తేదీలతో సరిచూసుకోవాలి.

మూడింటి స్వభావమూ వేరు. గోల్కొండలో లంగర్‌హౌస్ నుంచి తొట్టెల (అమ్మవారికి మొక్కుగా సమర్పించే, వెదురు, రంగుకాగితాలతో కట్టిన ఊయలల) ఊరేగింపు కోటకు చేరుతుంది, ఆపైన గుడికి కొండ మెట్లు ఎక్కాలి. మోకాళ్ల నొప్పులున్న పెద్దవారిని అక్కడికి తీసుకువెళ్లకపోవడమే మేలు. అయితే కోట రాతిగోడల మధ్య డప్పు మోత తిరిగి తిరిగి పలికే తీరు మరెక్కడా వినపడదు. లష్కర్‌లో జనరల్ బజార్ చుట్టుపక్కల సందులు ఇరుకైనవి, జనం అపారం, అమ్మవారి పూనకంతో ఊగే భక్తురాళ్లైన శివసత్తుల రాక అక్కడి ప్రత్యేకత. లాల్‌దర్వాజ బోనాల అసలు వైభవం మరునాడు, సోమవారం జరిగే ఘటాల (అమ్మవారి రూపంగా అలంకరించిన కలశాల) ఊరేగింపులో ఉంటుంది.

తొలిసారి వచ్చేవారికి నా సలహా ఏమిటంటే, లష్కర్ బోనాల ఆదివారం, సోమవారం రెండురోజులూ సికింద్రాబాదులో గడపండి. ఒక వారం ఉండగలిగితే తరువాతి ఆదివారం ఏదైనా చిన్న బస్తీలోని పోచమ్మ గుడి దగ్గరకు వెళ్లండి. పెద్ద గుడి దగ్గర జనాన్ని చూస్తారు, చిన్న గుడి దగ్గర పండుగను చూస్తారు. అక్కడ డప్పు కొట్టే మనిషి చేతులు మీకు రెండడుగుల దూరంలో ఉంటాయి.

వచ్చే ముందు తెలుసుకోవలసిన కథ

బోనం అంటే భోజనమే. కొత్త కుండలోనో ఇత్తడి బిందెలోనో బియ్యం, పాలు, బెల్లం వేసి వండిన నైవేద్యాన్ని ఉంచి, కుండకు సున్నం, పసుపు, కుంకుమ పూసి, వేపమండలు చుట్టి, పైన దీపం వెలిగించి, ఆడపడుచులు తలపై పెట్టుకుని తీసుకువెళ్లి అమ్మవారికి సమర్పిస్తారు. వానకాలం మొదట్లో అంటురోగాలు విజృంభించే సమయంలో పసుపు, వేపాకు ఊరంతా నిండిపోవడం యాదృచ్ఛికం కాదని పెద్దలు అంటారు.

లష్కర్ బోనాల పుట్టుకకూ ఒక రోగమే కారణమని చెప్పుకుంటారు. 1813లో జంటనగరాల్లో గత్తర (కలరా) వ్యాపించి వేలమంది చనిపోతున్నప్పుడు, ఇక్కడి సైనిక దళంతో ఉజ్జయినికి వెళ్లిన సురిటి అప్పయ్య అనే డోలీ మోసే ఉద్యోగి, తన ఊరు బతికితే అమ్మవారిని అక్కడ ప్రతిష్ఠిస్తానని ఉజ్జయిని మహాకాళికి మొక్కుకున్నాడట. తిరిగి వచ్చాక 1815లో కొయ్య విగ్రహాన్ని ప్రతిష్ఠించాడు. పాతబస్తీ బోనాలకు 1908 నాటి మూసీ వరదలతో ముడిపడిన కథ ఉంది. ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ నదికి పసుపు, కుంకుమ, ముత్యాలు సమర్పించాడని, ఆ తరువాతే వరద తగ్గిందని అక్కడివారు చెబుతారు. 2014లో తెలంగాణ ఏర్పడిన తరువాత బోనాలు రాష్ట్ర పండుగ అయ్యాయి. ఈ కథ తెలిసి వీధిలోకి దిగితే, ఎదురుగా వస్తున్నది ఆటపాటల ఊరేగింపు మాత్రమే కాదని, ప్రాణాలు దక్కినందుకు తీర్చుకుంటున్న మొక్కు అని అర్థమవుతుంది. ఎక్కడ చిందెయ్యాలో, ఎక్కడ తలవంచి పక్కకు తప్పుకోవాలో అప్పుడు మీకు ఎవరూ చెప్పనక్కరలేదు.

ఏమి తీసుకువెళ్లాలి, ఎలా చేరుకోవాలి

తక్కువ తీసుకువెళ్లండి. నూలు బట్టలు, తడిసినా పాడవని చెప్పులు, నీళ్ల సీసా, చేతిరుమాలు, చిల్లర నోట్లు చాలు. వాన ఖాయమనుకుని ఫోన్‌ను ప్లాస్టిక్ కవరులో పెట్టుకోండి. గొడుగు వద్దు, ఆ రద్దీలో దాని చువ్వలు ఎవరి కంట్లోనైనా గుచ్చుకుంటాయి. నగలు ఇంట్లోనే వదిలి రండి. చిన్నపిల్లలు వెంట ఉంటే వారి చెవుల్లో పెట్టడానికి దూది తప్పనిసరి, వారి జేబులో మీ ఫోన్ నంబరు రాసిన కాగితమూ ఉండాలి.

సొంత బండి మీద రావద్దు. లష్కర్‌కు మెట్రోలో పరేడ్ గ్రౌండ్ స్టేషన్‌లో దిగి నడిచి వెళ్లవచ్చు, సికింద్రాబాద్ రైల్వే స్టేషన్ నుంచి కూడా నడక దూరమే. పాతబస్తీకి ఎంజీబీఎస్ మెట్రో స్టేషన్‌లో దిగి నయాపూల్ మీదుగా నడవాలి. అది కాస్త పెద్ద నడకే అయినా దారంతా పండుగే కాబట్టి అలసట తెలియదు. ఆ రెండురోజులూ పోలీసులు రహదారులు మళ్లిస్తారు కనుక ముందురోజు పత్రికలో ఆ వివరాలు చూసుకోవాలి.

డప్పు కాచే చోట మొదలుపెట్టండి

ఇది అన్నిటికంటే ముఖ్యమైన అడుగు, అందరూ వదిలేసే అడుగు కూడా. ఊరేగింపు బయలుదేరడానికి గంట ముందే మీరు ఎంచుకున్న బస్తీకి చేరుకోండి. ఏదో ఒక మూలన కాగితాలు, ఎండుగడ్డి పోగేసి చిన్న మంట వేసి, దాని చుట్టూ డప్పులు తిప్పుతూ నలుగురైదుగురు కనిపిస్తారు. డప్పుకు బిగించినది మేకతోలు. ఆషాఢపు తేమకు అది వదులై మొద్దుగా పలుకుతుంది. మంట సెగకు తోలు బిగుసుకుంటే గాని శబ్దం విచ్చుకోదు.

కొన్నేళ్ల కిందట ఒక బస్తీలో నేను ఆ మంట పక్కనే కూర్చుని చూశాను. ఒక పెద్దాయన డప్పును మంటకు జానెడు దూరంలో పట్టి, గుండ్రంగా తిప్పుతూ, మధ్య మధ్య వేలి కణుపుతో తోలు మీద తట్టి చెవి దగ్గర పెట్టుకుంటున్నాడు. "ఇంకెంతసేపు పడుతుందే పెద్దనాయనా?" అని అడిగాను. "జర ఆగు బిడ్డా, తోలు ఇంకా పలుకుత లేదు" అన్నాడు. మరో రెండు చుట్లు తిప్పాక తట్టితే గలగలమన్నట్టు ఒక స్పష్టమైన శబ్దం వచ్చింది. ఆయన ఏమీ అనకుండా లేచి నిలబడ్డాడు, మిగతావారూ లేచారు. ఊరేగింపు ముహూర్తం ఆ తోలు పలికిన క్షణమేనని అప్పుడు తెలిసింది. ఈమధ్య కాచే పని లేని ఫైబర్ డప్పులు విరివిగా వచ్చాయి. అవి వానకు తట్టుకుంటాయి, కానీ వాటి మోతలో తోలు డప్పుకుండే లోతు ఉండదు. కాచే మంట కనిపించిన బృందం వెంటే నడవండి.

చేతులను గమనించండి, అప్పుడు దెబ్బలు విడివిడిగా వినపడతాయి

వాద్యకారుడి కుడిచేతిలో ఉండే పొట్టి, లావు కర్రను సిర్ర అంటారు, ఎడమచేతి వేళ్ల మధ్య ఉండే సన్నని పుల్లను సిటికెన పుల్ల అంటారు. సిర్ర దెబ్బ లోతుగా, గుండెను తాకేలా ఉంటుంది. సిటికెన పుల్ల దెబ్బ పలుచగా, చురుక్కుమన్నట్టు ఉంటుంది. మొదట్లో అంతా ఒకటే హోరుగా అనిపిస్తుంది. ఒక్క మనిషి కుడిచేతినే రెండు నిమిషాలు చూడండి, తరువాత ఎడమచేతిని చూడండి. అప్పుడు కళ్లు మూసుకుంటే రెండూ వేర్వేరుగా వినిపిస్తాయి.

హైదరాబాదు వీధి పేరు చెప్పగానే గుర్తుకు వచ్చే తీన్‌మార్‌కు ఆ పేరు మూడు దెబ్బల నుంచి వచ్చింది. ఇందులో ఈ నగరపు చరిత్ర దాగి ఉంది. నిజాం సైన్యంలోని ఆఫ్రికన్ అశ్వికదళంలో పనిచేసిన సిద్దీలు, అరబ్బు దేశాల నుంచి వచ్చి స్థిరపడినవారు తమతో మర్ఫా అనే వాద్యరీతిని తెచ్చారు. ఆ దళం (ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్) ఉన్న ప్రాంతాన్నే నేడు ఏసీ గార్డ్స్ అంటున్నాం. ముస్లిం పెళ్లి ఊరేగింపుల్లో మోగే మర్ఫా, తెలంగాణ పల్లె డప్పు ఒకే గల్లీల్లో పక్కపక్కన బతికి ఒకదాన్నొకటి మార్చుకున్నాయి. అమ్మవారి బోనం ముందు మోగే దరువులో సముద్రాలు దాటి వచ్చిన లయ కలిసి ఉండటం నాకు ఎప్పుడు విన్నా ఒళ్లు పులకరించే సంగతి.

తీన్‌మార్‌కు అడుగు కలపాలంటే మొదట పాదాలను పట్టించుకోకండి. మూడేసి దెబ్బల గుంపులను మనసులో లెక్కపెట్టండి. భుజాలు వదులు చేసి, ప్రతి గుంపు చివర మోకాలు కొద్దిగా వంచండి. ఆ వంపు కుదిరాక పాదాలు వాటంతట అవే కదులుతాయి. మీ ముందున్న పదేళ్ల పిల్లవాడు ఎలా వేస్తున్నాడో చూసి నేర్చుకోవడం ఇంకా సులువు. ఒక్క నియమం మాత్రం మరువకండి: డప్పులవారికీ బోనమెత్తిన తల్లికీ మధ్యలోకి ఎప్పుడూ వెళ్లకూడదు. డప్పుల ముందో, బోనాల వెనుకో మీ చోటు.

బోనం వస్తున్నప్పుడు

డప్పు వేగం ఒక్కసారిగా తగ్గి, నడక లయలోకి దిగిందంటే బోనం దగ్గరకు వచ్చిందని అర్థం. ఎత్తు గడపల దగ్గర, మలుపుల దగ్గర డప్పులవారు వెనక్కి తిరిగి బోనమెత్తిన తల్లి పాదాలు చూస్తూ కొడతారు. తలపై దీపంతో ఉన్న కుండ బరువు మోస్తూ, జనం మధ్య, తడి నేల మీద చెప్పులు లేకుండా నడుస్తున్న మనిషికి ఆ లయే ఊతం. ఇంటి ముందుకు బోనం రాగానే అక్కడి ఆడవాళ్లు చెంబుతో నీళ్లు తెచ్చి ఆమె పాదాలపై పోస్తారు, ఎందుకంటే ఆ నిమిషాన ఆమె అమ్మవారి రూపం. మీరు పక్కనే ఉంటే చెప్పులు విడిచి, దారి వదిలి నిలబడండి. ఆమె ముఖానికి దగ్గరగా ఫోన్ పెట్టి వీడియో తీయడం అన్నిటికంటే పెద్ద అమర్యాద.

పోతరాజు, పూనకాలు

డప్పు మళ్లీ ఉధృతమై, ఈలలు మొదలైతే పోతరాజు వస్తున్నాడు. ఆయన అమ్మవారి తమ్ముడు, పొలిమేర కాపలాదారు. ఒళ్లంతా పసుపు, నుదుట కుంకుమ, బిగించి కట్టిన ఎర్రబట్ట, నడుముకు వేపమండలు, కాళ్లకు గజ్జెలు, చేతిలో కొరడా. గజ్జెల చప్పుడు డప్పుతో ఎలా జవాబులాడుతుందో వినండి: దెబ్బ ఆగినచోట గజ్జె మోగుతుంది. కొరడా చుట్టూ తిరిగేంత జాగా వదిలి నిలబడాలి, పిల్లలను భుజాల మీదికి ఎత్తుకోవద్దు, ఎందుకంటే కొరడా కొస ఆ ఎత్తులోనే తిరుగుతుంది.

శివసత్తులు శిగమూగుతున్నప్పుడు, జనంలో ఎవరికైనా పూనకం వచ్చినప్పుడు కొత్తవారు భయపడటమో, గుమిగూడి చూడటమో చేస్తారు. రెండూ వద్దు. వారి వెంట ఉన్న ఇంటివారికి ఏం చేయాలో తెలుసు, నిమ్మకాయ, వేపాకు, పసుపునీళ్లు వారి చేతిలోనే ఉంటాయి. వారికి గాలి ఆడేలా నాలుగడుగులు వెనక్కి జరగడం మీరు చేయగల మేలు. అది నమ్మకమా మరొకటా అన్న చర్చకు అది సమయం కాదు.

డప్పు దాటి వినవలసిన వాద్యాలు

పెద్ద శబ్దాల మధ్య రెండు వాద్యాలను వెతుక్కుని వినాలి. మొదటిది ఒగ్గు డోలు. ఒగ్గు పూజారులు ఎల్లమ్మ, మల్లన్న, బీరప్ప కథలు చెప్పేవారు. ఒగ్గు అంటే వారి చేతిలోని చిన్న ఢమరుకం. డోలును నడుముకు కట్టుకుని ఒకవైపు కర్రతో, ఒకవైపు అరచేతితో కొడుతూనే వలయంగా తిరుగుతూ విన్యాసం చేస్తారు. ఊరేగింపులో వారి విన్యాసమే ఎక్కువగా కనిపిస్తుంది, కానీ విశ్రాంతి వేళ గుడి అరుగు మీద కూర్చున్నప్పుడు వారు ఎత్తుకునే కథాగానం వినే అదృష్టం దక్కితే ఊరేగింపు తప్పిపోయినా ఫరవాలేదు, అక్కడే కూర్చోండి.

రెండవది జమిడిక. బైండ్లవారు, బవనీలవారు ఎల్లమ్మ కథకు వాయించే వాద్యం ఇది. అడుగున తోలు బిగించిన చిన్న గుమ్మటంలాంటి పాత్ర, దాని మధ్యలోంచి ఒకే ఒక నరపుతీగ. తీగను లాగి బిగించినా వదిలినా స్వరం మారుతుంది, అందువల్ల అది మనిషి ఏడ్చినట్టు, ప్రశ్నించినట్టు పలుకుతుంది. డీజే పెట్టెల హోరులో దీని గొంతు పూర్తిగా మునిగిపోతోంది. భక్తి పాటకు సినిమా దరువు కలిపి గోడలు అదిరేలా మోగించే ఆ పెట్టెలు పిల్లలకూ వృద్ధులకూ హాని చేస్తాయి, ఇంటింటా తరతరాలుగా నేర్చుకున్న వాద్యాల చోటును ఆక్రమిస్తాయి. బస్తీ కమిటీలు ఆ డబ్బుతో మరో రెండు డప్పు బృందాలను పిలిస్తే ఎంత బాగుండునో అని ప్రతి ఏడూ అనుకుంటాను.

సాయంత్రం, ఆపైన సోమవారం

ఆదివారం చీకటి పడ్డాక అమ్మవారికి నైవేద్యం తీసుకువెళ్లే ఫలహారం బండ్లు బయలుదేరతాయి. దీపాలతో, అమ్మవారి చిత్రపటాలతో అలంకరించిన బండి ముందు బ్యాండు మేళం, పోతరాజులు, కుర్రకారు ఆట. మీరు మనసారా చిందెయ్యవలసిన సమయం ఇదే, కడుపు నింపుకుని రండి. రాత్రి పది దాటాక జనం ఒత్తిడి పెరుగుతుంది కనుక వెంట వచ్చినవారితో ముందే ఒక దుకాణాన్నో దీపస్తంభాన్నో గుర్తుగా పెట్టుకోండి. ఆపద వస్తే 112కు ఫోన్ చేయండి.

సోమవారం ఉదయం లష్కర్ గుడిలో రంగం జరుగుతుంది. ఒక స్త్రీ పచ్చికుండ మీద నిలబడి, అమ్మవారికి ఎదురుగా, రాబోయే ఏడాది వానలు, పంటలు, ప్రజల క్షేమం గురించి భవిష్యవాణి చెబుతుంది. లోపలికి వెళ్లడం చాలా కష్టం, బయట మైకుల దగ్గర నిలబడి వినవచ్చు. నిన్నటి నుంచి హోరెత్తిన వీధి ఆ కాసేపు ఊపిరి బిగబట్టినట్టు నిశ్శబ్దమవుతుంది. ఆ నిశ్శబ్దం తరువాత మోగే తొలి డప్పు దెబ్బ కోసమే నేను ఏటా సోమవారం సెలవు పెడతాను. తరువాత అమ్మవారు అంబారీ మీద ఊరేగి వెళ్తారు, ఘటం మెట్టుగూడ వైపు సాగుతుంది.

పాతబస్తీలో అయితే సోమవారం మధ్యాహ్నం తరువాత హరిబౌలి అక్కన్న మాదన్న ఆలయ ఘటం ఏనుగు మీద బయలుదేరుతుంది. మిగతా గుళ్ల ఘటాలు ఒక్కొక్కటిగా వచ్చి కలుస్తాయి. చార్మినార్ మీదుగా పత్తర్‌గట్టీ దాటి నయాపూల్ వరకు సాగే ఈ ఊరేగింపును చూడటానికి పత్తర్‌గట్టీ రాతి కమానుల కింద నిలబడటం మంచిది. వాన వచ్చినా తడవరు, కమానుల కింద డప్పు శబ్దం రెట్టింపై వినిపిస్తుంది. ఒక్కో గుడి బృందం దరువు ఒక్కోలా ఉంటుంది. ఒకటి దూరమవుతుంటే మరొకటి దగ్గరవుతూ, రెండు లయలు కాసేపు కలగాపులగమై, కొత్తది గెలిచే ఆ మార్పును ఓపికగా వినండి.

నయాపూల్ దగ్గర ఘటాలను మూసీలో కలిపాక డప్పులవారు పక్కకు వచ్చి మెడలోని పట్టీలు విప్పుకుంటారు. వారిని పలకరించవలసింది అప్పుడే. ఊరేగింపు మధ్యలో నోట్లు విసరడం కన్నా, ఇప్పుడు దగ్గరకు వెళ్లి, ఏ ఊరివారో అడిగి, చేతిలో డబ్బు పెట్టి, టీ ఇప్పించడం ఎంతో గౌరవంగా ఉంటుంది. పెళ్లికో, ఇంటి పండుగకో డప్పు కావలసి వస్తే పిలవడానికి వారి నంబరు అడిగి రాసుకోండి. వారికి ఆషాఢం తరువాత కూడా పదకొండు నెలల బతుకు ఉంటుంది. తరువాత చివరి మెట్రో వేళ చూసుకుని ఎంజీబీఎస్ వైపు నడక మొదలుపెట్టండి. జనం పలచబడటానికి అరగంట పడుతుంది కనుక ఆ మేరకు ముందే బయలుదేరాలి.